తిరుపతి, చిత్తూరు: పాత హాళ్ళ కోసం ఒక ప్రయాణం

ఒకే తెర, పైన బాల్కనీ ఉన్న సినిమా హాళ్ళు మా వైపు ఒక్కొక్కటే కల్యాణ మండపాలైపోతున్నాయి. మిగిలినవాటిలో కూర్చుని ఓ సినిమా చూడాలని చాన్నాళ్ళుగా ఉంది. దర్శనం పనితో పాటు ఇదీ పెట్టుకుని బయల్దేరాం.

తిరుపతిలో బసకి బస్టాండు దగ్గర శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం ఉన్నాయి. రెండూ దేవస్థానానివే. ఆన్‌లైన్‌లో ముందే గది దొరికితే ఇంకేం ఆలోచించక్కర్లేదు. మాకు దొరక్క ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, కౌంటర్లో అడిగింది ఇంకొకటి. వేడినీళ్ళు పొద్దున గంటసేపే. గది చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

సెకండ్ షోకి మాత్రం తిరుపతిని మించిన ఊరు లేదు. హాలు వదిలేసరికి ఎంత రాత్రయినా స్టేషన్ వైపు ఆటోలు, వేడి టీ ఉంటాయి. మా ముందు వరుసలో ఒక కుటుంబం, అందరివీ గుండ్లే, చందనం ఇంకా ఆరలేదు. రైలుకి టైముందని సంచులతో సహా వచ్చేశారట. హీరో కనబడగానే మొదటి ఈల వాళ్ళదే!

మర్నాడు చిత్తూరు. బస్సులో సుమారు 70 కిలోమీటర్లు, రెండు గంటలు పట్టింది. రేపల్లెలో పుట్టిన పాతతరం నటుడు నాగయ్యగారికి ఇంటిపేరులా అతుక్కుపోయిన ఊరిది. వేలూరు పక్కనే కాబట్టి తెలుగు పోస్టర్ల పక్కన తమిళ పోస్టర్లూ కనిపిస్తాయి.

ఇక్కడ ఒక పాత హాల్లో మ్యాట్నీకి వెళ్ళాం. గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన ఒకప్పుడు అక్కడే ఆపరేటర్. ఇంటర్వెల్లో చాలా చెప్పారు. రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగుతోనే బొమ్మ పడేది. కడ్డీలు అరిగేకొద్దీ దగ్గరికి జరపాలి, లేదంటే తెర మసకబారుతుంది. ప్రొజెక్టర్లు రెండు. రీలు అయిపోతుంటే తెర కుడి పైమూల చుక్క పడుతుంది, అప్పుడు రెండో మిషను తిప్పాలి. మళ్ళీ చుక్క పడగానే బొమ్మ మార్చాలి. “రీళ్ళ పెట్టె బస్సులో రాకపోతే జనానికి సమాధానం చెప్పేది నేనే నాయనా” అన్నారు. ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులో వస్తోంది. ఆ చేతులకి పని లేకుండా పోయింది.

నేల, బెంచీ తరగతులు పోయి కింద అంతా కుర్చీలే. సౌండు కొత్తది, బాగుంది. షో మొదలయ్యే ముందు ఘంటసాల గొంతులో వెంకన్న పాట వేశారు, మా ఆవిడ చేతులు జోడించింది. బాత్రూములు మాత్రం ఘోరం. ఆడవాళ్ళు రెండోసారి రాకపోవడానికి అదొక్కటి చాలు. ఓనర్లు ముందు అవి బాగుచేయించి, విరిగిన సీట్లు మారిస్తే ఈ హాళ్ళు ఇంకొన్నేళ్ళు నిలబడతాయని నా గట్టి నమ్మకం. జనానికి వీటి మీద ప్రేమ ఇంకా ఉంది, మేం వెళ్ళిన రోజు బాల్కనీ దాదాపు నిండింది.

చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు తోడుంటే తిరుపతిలో ఏసీ ఉన్న హాలే మేలు. చిత్తూరులో ఎండాకాలం మ్యాట్నీ వద్దు, ఫస్ట్ షోకి వెళ్ళండి. బాల్కనీలో ఫ్యాను కింద సీటు చూసుకోండి, తిరుగు బస్సు టైము ముందే కనుక్కోండి.