ఆర్చరీకి స్పాటింగ్ స్కోప్: 80 కన్నా 65 ఎందుకు మేలు

తిరుపతిలో ఆర్చరీ నేర్చుకునే పిల్లల కోసం స్కోప్ (బాణం టార్గెట్‌లో ఎక్కడ పడిందో దూరం నుంచి చూసే దుర్భిణి) అడిగితే ముందుగా చేతికొచ్చేది 20–60×80, అంటే 20 నుంచి 60 రెట్లు పెద్దగా చూపే, ముందు లెన్స్ 80 మిల్లీమీటర్లున్న మోడల్. పెట్టె మీద 60 రెట్లు అని కనబడగానే ఇక బేరం కుదిరినట్టే. నేలపట్టులోనో పులికాట్‌లోనో దూరాన ఉన్న పక్షిని చూడ్డానికి అది మంచి సరుకే. షూటింగ్ లైన్ మీద నిలబడేవాళ్లకి మాత్రం 18–55×65, అందులోనూ కన్ను పెట్టి చూసే ఐపీస్ 45 డిగ్రీలు వంగి ఉన్న మోడల్ కొనండి. సెలెస్ట్రాన్ కంపెనీ అల్టిమా వరసలో ఈ రెండు సైజులూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

20 రెట్ల దగ్గర పెడితే 70 మీటర్లలో ఉన్న టార్గెట్ మూడున్నర మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) వాళ్లు కొట్టే 122 సెంటీమీటర్ల ఫేస్‌లో, అంటే టార్గెట్ కాగితంలో, ఒక్కో రింగు వెడల్పు 6.1 సెంటీమీటర్లు. అంత దగ్గరి నుంచి చూస్తే ఏ రింగులో పడిందో చెప్పడం కష్టం కాదు. అదే 55కి తిప్పితే రెండు నష్టాలు. ఫేస్ ఒక్కటే బొటాబొటిగా పడుతుంది, స్టాండు కాస్త కదిలినా టార్గెట్ తప్పిపోయి మళ్లీ వెతుక్కోవాలి. పైగా ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతి వృత్తం 65ని 55తో భాగిస్తే వచ్చేంత, అంటే 1.2 మిల్లీమీటర్లే, కాబట్టి బొమ్మ మసకబారుతుంది. 20 దగ్గర అది మూడు మిల్లీమీటర్లకు పైనే. దీనికి తోడు మన ఎండ. మే నెలలో పదకొండు దాటాక నేల నుంచి లేచే వేడిగాలికి రింగుల గీతలు అలల్లా కదులుతాయి. ఎంత ఖరీదైన గాజయినా దాన్ని ఆపలేదు, రెట్లు పెంచేకొద్దీ ఆ కదలికా పెరుగుతుంది. రోజువారీ పని అంతా 20–25 మధ్యే జరిగిపోతుంది, దానికి 65 చాలు.

గాజు నాణ్యత ఎక్కడ అక్కరకొస్తుందో తెలియాలంటే బాణం టార్గెట్‌లో ఎలా దిగుతుందో చూడాలి. సెకనుకు 60 మీటర్ల వేగంతో వెళ్లే రికర్వ్ బాణం 70 మీటర్ల దగ్గర ఐదారు డిగ్రీలు కిందికి వంగి గుచ్చుకుంటుంది. బయట 60 సెంటీమీటర్ల షాఫ్ట్ (బాణం కర్ర) మిగిలితే దాని నాక్, అంటే తాడుకి తగిలించే వెనక కొన, గుచ్చుకున్న చోటికన్నా దాదాపు 6 సెంటీమీటర్లు పైన ఉంటుంది. అంటే ఒక రింగు తేడా! చౌక స్కోపులో మెరిసే నాక్ మాత్రమే కనబడుతుంది, పిల్లలు దాన్ని చూసి విల్లు మీది సైట్ (గురి చూసే పరికరం) కిందికో పైకో జరిపేస్తారు. షాఫ్ట్ కాగితాన్ని తాకిన చోటు స్పష్టంగా కనబడాలి, స్కోప్ కొనేది అందుకే. 50 మీటర్ల కాంపౌండ్‌లో (కప్పీలున్న విల్లు) బాణం వేగం ఎక్కువ కాబట్టి ఈ తేడా దాదాపు రెండు సెంటీమీటర్లకి తగ్గిపోతుంది. ఇక గీత మీద పడ్డ బాణాన్ని ఏ స్కోపూ తేల్చదు, అది టార్గెట్ దగ్గర జడ్జి చూసి చెప్పాల్సిందే.

వంగిన ఐపీస్ ఎందుకంటే, వరల్డ్ ఆర్చరీ నిబంధన ప్రకారం లైన్ మీద పెట్టిన స్కోప్ పైభాగం ఆర్చర్ చంక ఎత్తు దాటకూడదు. తిన్నని స్కోప్ ఆ ఎత్తులో ఉంటే ప్రతి బాణానికీ నడుం వంచాలి, నిలబడిన తీరు చెడుతుంది. వంగినదైతే తల దించితే చాలు. స్కోపును పట్టి ఉంచే కాలర్ తిరిగేదైతే ఇంకా హాయి: ఐపీస్‌ను పక్కకి, మీ వైపుకి తిప్పుకుని పాదం కదపకుండా చూడొచ్చు. కొనేముందు కాలర్ మర వదులు చేసి తిప్పి చూడండి. కళ్లజోడు వాడేవాళ్లకి ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనబడేలా ఐపీస్‌కీ కంటికీ మధ్య ఉంచగలిగే దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి.

స్కోపుతో పాటు ఉచితంగా ఇచ్చే జానెడు టేబుల్ స్టాండు లైన్ మీద దేనికీ పనికిరాదు. ట్రైపాడ్‌కి విడిగా డబ్బు పెట్టాల్సిందే. లైన్ మీద ఒక్కొక్కరికి దొరికే చోటు 80 సెంటీమీటర్లు కావచ్చు. కాళ్లు బాగా చాపే ట్రైపాడ్ పక్కవాళ్ల పాదాలకి అడ్డం పడుతుంది. కాళ్లు దగ్గరగా పెట్టి, మధ్య కొక్కేనికి కిలో ఇసుక సంచి తగిలిస్తే గాలికి ఊగదు.

పరీక్షించడానికి షాపులోంచి ఎదుటి బోర్డు చూస్తే సరిపోదు. పసుపు, ఎరుపు, నలుపు కాగితాలు అతికించిన అట్టకి మీ బాణాలే గుచ్చి 70 మీటర్ల దూరాన నిలబెట్టించండి. నల్ల కాగితం మీద నల్ల కార్బన్ షాఫ్ట్ విడిగా కనబడితే గాజు మంచిదే. 20లో ఫోకస్ చేసి 40కి తిప్పినప్పుడు బొమ్మ పూర్తిగా చెదిరిపోతే ఆ పీస్ వద్దనండి. అంచుల్లో కాస్త మసక ఉన్నా పర్వాలేదు, ఫేస్ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది.

నైట్రోజన్ నింపిన వాటర్‌ప్రూఫ్ మోడల్ అయితే లోపలి అద్దాలకి ఆవిరి పట్టదు. అయినా నవంబరు వానల్లో తడిసిన కవర్లో అలాగే పెట్టి మూసేస్తే బయటి లెన్స్ మీద బూజు మొదలవుతుంది. ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి డబ్బాలో పెట్టండి. ఎర్రమట్టి దుమ్ముని గుడ్డతో తుడవకండి, ముందు బ్లోయర్‌తో ఊదాలి, లేకపోతే ఆ ఇసుక రేణువులే కోటింగ్‌ను గీకేస్తాయి.