మహాత్ముల లేఖలా, దివ్యదృష్టి సందేశాలా: ఏది మేలు?

దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ)లో మహాత్ములతో, అంటే హిమాలయాల్లో ఉంటారని సభ్యులు నమ్మిన సిద్ధగురువులతో, తమకు రహస్య సంబంధం ఉందని చెప్పుకున్నవారందరినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కొందరు ఉత్తరాలు చూపారు. కొందరు తమ దివ్యదృష్టినే సాక్ష్యంగా నిలిపారు. ఈ రెండింటిలో ఉత్తరమే మేలంటాను. అది నిజమని రుజువైనందుకు కాదు, అబద్ధమైతే పట్టుబడే వీలు దానికి ఉన్నందుకు.

1880 నుంచి కొన్నేళ్లపాటు, అలహాబాదులో పయనీర్ పత్రిక సంపాదకుడిగా ఉన్న సిన్నెట్‌కు కూట్‌హూమి, మోర్య అనే ఇద్దరు మహాత్ముల పేర్లతో లేఖలు అందాయి. కూట్‌హూమివి ఎక్కువగా నీలం రాత, మోర్యవి ఎరుపు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. 1883లో కిడిల్ అనే అమెరికన్, తన ఉపన్యాసంలోని వాక్యాలే ఒక లేఖలో కనిపిస్తున్నాయని బయటపెట్టాడు. మహాత్ముడు మనసుతో పంపిన మాటలను కాగితం మీదికి దించడంలో శిష్యుడు పొరబడ్డాడని సంజాయిషీ వచ్చింది. నాకది మింగుడుపడదు. 1885లో, లండన్‌లోని అతీంద్రియ పరిశోధన సంఘం తరఫున వచ్చిన హాడ్జ్‌సన్ నివేదిక, ఈ లేఖల వెనక ఉన్నది సమాజ స్థాపకురాలు బ్లావట్‌స్కీయేనంటూ ఆమెను మోసగత్తెగా తేల్చింది. నూరేళ్ల తర్వాత, 1986లో, దస్తూరీ పరీక్షలో ఆరితేరిన వెర్నన్ హారిసన్ ఆ నివేదికే పక్షపాతంతో నిండి ఉందని వాదించాడు. తీర్పు ఎటు మొగ్గినా, ఇరుపక్షాల చేతిలోనూ తిప్పి చూడడానికి కాగితమంటూ ఒకటి ఉంది.

లేఖలతోనూ చిక్కులు వచ్చాయి. మహాత్ముల పేరిట తానే రాశాడన్న ఆరోపణ అమెరికా శాఖ నాయకుడు విలియం జడ్జి మీద పడింది. 1895లో అమెరికా శాఖలో అధిక భాగం ఆయన వెంట విడిపోయింది.

దివ్యదృష్టి ఉందని చెప్పుకున్న సమాజ నాయకుడు లెడ్‌బీటర్ దారి వేరు. 1909లో, మద్రాసులో సమాజ కేంద్రమైన అడయారు సముద్రతీరాన, మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి అనే బాలుణ్ణి చూసి, ఆ అబ్బాయి చుట్టూ ఉన్న తేజోవలయంలో స్వార్థం లేశమైనా లేదన్నాడు. ఆ తేజస్సు మరొకరికి కనబడితే కదా, అవునో కాదో అనడానికి! సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ అంతటి వ్యక్తి నమ్మాక అడిగేవారు తగ్గిపోయారు. కృష్ణమూర్తి ద్వారా జగద్గురువు వస్తాడని చెప్పి, 1925 ఆగస్టులో హాలండ్‌లోని ఒమ్మెన్‌లో ఆ జగద్గురువు శిష్యుల పేర్లు కూడా ప్రకటించారు. అప్పుడు కృష్ణమూర్తి అక్కడ లేడు, కాలిఫోర్నియాలో క్షయతో మంచాన పడ్డ తమ్ముడు నిత్యానంద దగ్గర ఉన్నాడు. తమ్ముణ్ణి మహాత్ములు కాపాడతారన్న హామీతోనే ఆ తర్వాత భారతదేశానికి ఓడెక్కాడు. నవంబరులో ఓడ సూయజ్ దాటుతుండగా తమ్ముడు పోయాడని తంతి వచ్చింది. చూసి చెప్పినవారి మాట మీద మనిషి ఎంత భారం మోపుతాడో ఇక్కడ తెలుస్తుంది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు కోపమే వస్తుంది.

1929 ఆగస్టు 3న, అదే ఒమ్మెన్‌లో, కృష్ణమూర్తి, జగద్గురువు రాక కోసమంటూ తన చుట్టూ కట్టిన నక్షత్ర సంఘాన్ని రద్దు చేశాడు. సాధకుడికి ఆ రెండు దారులకన్నా ఇదే మేలని నా నమ్మకం. ఇక్కడ ఎవరి మధ్యవర్తిత్వమూ అక్కరలేదు.

ఆ మొదటి రెండింటిలోనే ఎంచుకోవాలంటే మాత్రం ఉత్తరానికే నా ఓటు. 1900లో కూట్‌హూమి పేరుతో అనీబిసెంట్‌కు అందిన లేఖ ఒకటుంది. మహాత్ముల గురించిన ఊకదంపుడు కబుర్లను చడీచప్పుడు లేకుండా, గట్టిగా అణచివేయాలని అందులో ఉంది. రాసింది ఎవరైనా, ఆ మాట కాగితం మీద ఉంది. ఆ తర్వాత పాతికేళ్లలో ఆమె చేసినవాటిని దాని పక్కన పెట్టి ఎవరైనా చదువుకోవచ్చు.