భీమవరం - ఉండి రోడ్డు దాబా: తిండికి సరే, మ్యాచ్‌కైతే ఆలోచించుకోండి

రొయ్యల చెరువులు చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఇక్కడ వేపుడులో పడేది తాజా సరుకే. వంద కౌంటు (కిలోకి వంద తూగే) చిన్న రొయ్య, పచ్చిమిర్చి దండిగా, కరివేపాకు కరకరలాడుతూ వస్తుంది. బిర్యానీ జోలికి మాత్రం పోకండి, మసాలా గుప్పించేస్తారు.

ఐపీఎల్ రోజుల్లో గోడకి తెల్లబట్ట కట్టి ప్రొజెక్టర్ పెడతారు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద సన్‌రైజర్స్ ఓపెనర్ అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టడం అక్కడే చూశాను. 28 దగ్గర యశ్ ఠాకూర్ బంతికి క్యాచ్ లేచింది. ప్లేటు తెస్తున్న కుర్రాడు అలాగే నిలబడిపోయాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే వెనకింటి టీవీ దగ్గర నుంచి "నోబాలండి బాబూ!" అని కేక. నోబాలైతే ఔట్ లేనట్టే, ఇక టెన్షన్ ఏముంటుంది? ప్రతి సిక్సరూ అంతే, ముందు వెనకింటి గోల, తర్వాత మన బొమ్మ. ఓనరు గారిని అడిగితే "నెట్టు స్లో అండీ" అంటారు.

40 బంతుల్లో సెంచరీ అయ్యాక అభిషేక్ జేబులోంచి కాగితం తీశాడు. మా బల్ల దగ్గర్నుంచి అందులో అక్షరం ముక్క కనబడలేదు, బొమ్మ అంత మసక. ఆ 141 అప్పటికి ఐపీఎల్‌లో భారతీయుల్లో అతి పెద్ద స్కోరు, అంతకుముందు కేఎల్ రాహుల్ 132దే పైచేయి. 246 లక్ష్యం దాటేసరికి ఇంకా తొమ్మిది బంతులు మిగిలాయి. అంతటి ఇన్నింగ్స్‌కి ఆ తెల్లబట్ట అన్యాయం.

ఫ్యాను కింద బల్ల ముందే పట్టుకోండి, దోమలు ఎక్కువ. పార్శిల్ త్వరగానే ఇస్తారు.