ఊరి చివర కుక్కల షెల్టర్‌కి ఒక్క స్టార్

మా అపార్ట్‌మెంట్ దగ్గర తిరిగే కుక్కకి కాలు విరిగితే, కట్టు విప్పేదాకా చూసుకుంటామన్నారని ఊరి చివర ఒక ప్రైవేట్ షెల్టర్‌లో పెట్టాం, రోజుకి 300. పేరు రాయడం లేదు. నడిపే ఆవిడ చెడ్డమనిషి కాదు, అసలు తంటా కూడా అక్కడే ఉంది, ఎవరు ఏ కుక్కని తెచ్చి వదిలినా కాదనలేదు. రేకుల షెడ్డు నిండా కుక్కలే, మొత్తం ఎన్నో ఆవిడకే తెలీదు. గేటు దగ్గరికి రాగానే మూత్రం ఘాటుకి కళ్లు మండాయి. తొట్టిలో నీళ్లు పాచిపట్టి ఉన్నాయి. ఒక ముసలి లాబ్రడార్ చెవి మడిచి చూస్తే లోపలంతా పిడుదులే, ముట్టుకుంటే మూలిగింది. పనివాడు ఒక్కడే, వండేదీ కడిగేదీ అతనే.

"నేను తీసుకోకపోతే ఇవన్నీ రోడ్డు మీద చచ్చేవి కదండీ" అంటారావిడ. కావచ్చు. కానీ మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జాలితో చేశానంటే మినహాయింపేమీ లేదు. సరిపడా తిండీ నీళ్లూ నీడా ఇవ్వని యజమాని మీద, కదలడానికి చోటులేని బోనులో పెట్టినవాళ్ల మీద సెక్షన్ 11 వర్తిస్తుంది. జంతువుల్ని పోగేయడం విడిగా నేరం కాదు కాబట్టి కేసు పెడితే ఇలా నిర్లక్ష్యం కిందే పెట్టాలి. మరి శిక్ష? మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా! ఒక్క కుక్కకి ఆవిడ తీసుకునే రోజు ఫీజులో ఆరో వంతు కూడా దాటదు.

స్టేషన్‌కి వెళ్తే, ఇది నాన్ కాగ్నిజబుల్, మేజిస్ట్రేట్ చెప్పందే మేం దర్యాప్తు చేయలేం అన్నారు. విసుగొచ్చింది గానీ రూల్ అదే. ఇంకో మెలిక, ఘటన జరిగిన మూడు నెలల్లోపే కేసు వేయాలి, అందుకే ఫొటోలు తేదీతో సహా దాచుకోండి. నేరం రుజువైతే, ఆ మనిషి దగ్గరే ఉంటే మళ్లీ హింస తప్పదని కోర్టుకి అనిపిస్తే సెక్షన్ 29 కింద జంతువుల్ని స్వాధీనం చేసుకోవచ్చు. నా దృష్టిలో ఇలాంటి చోట పనికొచ్చేది అదొక్కటే, జరిమానా కట్టేసి మర్నాడు ఇంకో నాలుగు కుక్కల్ని తెచ్చుకుంటే ఏం లాభం?

మా కుక్కని అదే రోజు తెచ్చేసుకున్నాం. మీరు ఎక్కడ చేర్చినా ముందు షెడ్డు లోపలికి వెళ్లి చూడండి, వాట్సాప్ వీడియోలు నమ్మకండి. ఆ ఒక్క స్టార్ కూడా మిగిలిన అడ్వాన్స్ అడక్కుండానే తిరిగిచ్చినందుకు.