స్పెల్లింగ్ కార్డులు, నాణేల కిట్ ఆర్డర్ పెట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

సమ్మర్ హాలిడేస్ కదా, యూకేజీ అయిపోయి ఫస్ట్ క్లాస్‌కి వెళ్ళే పిల్లలున్న వాళ్ళ ఫోన్లలో ఒకటే యాడ్ తిరుగుతోంది, ఇంగ్లీష్ స్పెల్లింగూ డబ్బుల లెక్కలూ ఒకే డబ్బాలో, ఇంట్లోనే నేర్పేయొచ్చు అని. తెలుగు పిల్లల కోసం స్పెషల్ అంట, ఇండియన్ సిలబస్ అంట, ప్రతి కార్డు వెనకాల తెలుగులో ఎలా పలకాలో ఉంటుందంట. రూ.1,499. మేం తెప్పించాం. మీరు మాత్రం తెప్పించకండి. కాస్త పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు స్పెల్లింగ్ కార్డుల సంగతి. ఇంగ్లీష్‌లో రెండు అచ్చులు పక్కపక్కన వచ్చే మాటలుంటాయి కదా, ఈ-ఏ (ea), ఏ-ఐ (ai), ఓ-ఏ (oa), డబుల్ ఓ (oo), ఇవి మన పిల్లలకి నిజంగానే తికమక, తెలుగులో దీర్ఘం రాస్తే దీర్ఘమే పలుకుతాం, అక్కడ ఆ లెక్క కుదరదు. ఈ కిట్ వాళ్ళు దీనికి ఒకే ఒక్క రూలు పెట్టారు, రెండు అచ్చులు జంటగా వస్తే మొదటిది తన పేరు పలుకుతుంది, రెండోది నోరు మూసుకుంటుంది అని. సీట్, రెయిన్, బోట్, కోట్ దాకా బానే ఉంది. ఆ తర్వాత అదే రూలు పట్టుకుని దొరికిన మాటకల్లా తెలుగు పలుకు ప్రింట్ చేసి పారేశారు. బ్రెడ్డు బొమ్మ వెనకాల బ్రీడ్. తలకాయ బొమ్మ వెనకాల హీడ్. గ్రేట్ కాస్తా గ్రీట్ అయింది, సెడ్ అనేది సేడ్ అయింది. మనిషి అనేవాడు ఒక్కడు చూసినా ఆగేది, ఏదో సాఫ్ట్‌వేర్‌లో పడేసి ప్రింట్‌కి పంపినట్టున్నారు. మా చిన్నది ఫ్రిజ్ దగ్గర నిలబడి అమ్మా బ్రీడ్ ఇవ్వు అంటోంది, రోజూ తినే బ్రెడ్డే అది, కాదమ్మా అంటే కార్డు తెచ్చి చూపిస్తుంది. ఆ వయసులో ప్రింట్‌లో ఉన్నదే వేదం, అమ్మ మాట ఎవరిక్కావాలి.

అసలు ఆ రూలే అంత గట్టిది కాదండీ. 1963లోనే థియోడర్ క్లైమర్ అనే అమెరికా ఆయన చిన్న క్లాసుల రీడర్లలో ఉన్న మాటలన్నీ తీసి లెక్కేస్తే ఆ రూలు 45 శాతం మాటల్లోనే పనిచేసింది, అంటే సగానికి కూడా రాలేదు. అరవై ఏళ్ళు దాటినా ఇంకా డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు.

దానికంటే గుంపులు గుంపులుగా చెప్పడం నయం, పాత నోట్‌బుక్ చాలు. ఓ-ఏ, డబుల్ ఈ ఇవి పెద్దగా మోసం చెయ్యవు, వాటితో మొదలెట్టండి. ఏ-ఐ కూడా మంచిదే (ఆ ఏఐ కాదులెండి), సెడ్ లాంటి ఒకటి రెండు వేరేగా చెప్తే సరి. ఈ-ఏ కి మాత్రం రెండు గుంపులు కావాలి, సీట్, మీట్, టీచ్ ఒకవైపు, బ్రెడ్, హెడ్, హెల్త్ ఇంకోవైపు, గ్రేట్, బ్రేక్ లాంటివి చాలా తక్కువ కాబట్టి విడిగా చూపించెయ్యడమే. డబుల్ ఓ తర్వాత కే వస్తే దాదాపు అన్నీ పొట్టిగానే పలుకుతాయి, బుక్, కుక్, లుక్. మూన్, స్కూల్, స్పూన్ సాగుతాయి. ఫుడ్ కూడా సాగాలి గానీ మనం పొట్టిగానే అంటాం, అది వేరే గొడవ.

ఇక నాణేల దగ్గరికొస్తే నాకు నిజంగా ఒళ్ళు మండింది. లిస్టింగ్ ఫోటోలో మన రూపాయి బిళ్ళలు నిగనిగలాడుతున్నాయి, డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్, మొత్తం అమెరికా సరుకు. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు పిల్లలకైతే బాగా పనికొస్తుంది, అక్కడ డైమ్ పది సెంట్లు, నికెల్ ఐదు సెంట్లు, అయినా డైమే చిన్నగా ఉంటుంది, విలువ కూడా అంకెల్లో కాకుండా మాటల్లో ఉంటుంది, కాబట్టి అక్కడి పిల్లలకి అదొక పెద్ద పాఠం. విజయవాడలో ఉన్న నా పిల్లకి డైమ్ ఎందుకు?

ఇండియన్ సిలబస్ అన్నందుకు ఒక చార్ట్ పడేశారు. అందులో 5 పైసలు, 10 పైసలు, 20 పైసలు, పావలా, అర్ధరూపాయి, రూపాయి, రెండు, ఐదు ఉన్నాయి. పావలా, అంతకన్నా చిన్నవీ 2011 జూన్ 30 నుంచే చెల్లవు, అర్ధరూపాయి ఒక్కటే ఇంకా చెల్లుబాటులో ఉంది, అదీ కొట్టువాడు తీసుకుంటే మీ అదృష్టం. పది రూపాయల బిళ్ళ చార్ట్‌లో లేదు. ఇరవైది అసలే లేదు, పన్నెండు పలకలుంటుంది కదా, పిల్లలు చేత్తో తడిమి కూడా చెప్పేస్తారు, అంత మంచిదాన్ని వదిలేశారు.

పైగా నాణేలను సైజు బట్టి వరసలో పెట్టు, పెద్దదానికే ఎక్కువ విలువ అని ఒక వర్క్‌షీట్. మన దగ్గర అది పూర్తిగా తప్పు. 2007లో వచ్చిన బొటనవేలు బొమ్మ రూపాయి, 2011 తర్వాత వచ్చిన రెండు రూపాయలు పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ 25 మిల్లీమీటర్లే, బరువూ ఒకటే. పెద్దవాళ్ళమే ఆటోలో రూపాయికి రెండు ఇచ్చేస్తాం. ఇంట్లో చిల్లర డబ్బా బోర్లించి, అంకె చూసి ఒకే విలువవన్నీ ఒక కుప్ప పెట్టమంటే చాలు, రూపాయిలే నాలుగైదు రకాలు దొరుకుతాయి, సైజు నమ్మకూడదని వాళ్ళకే తెలిసిపోతుంది. పది రూపాయల బిళ్ళ దొంగదని ఎవరైనా అంటే పట్టించుకోకండి, 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పింది. ఒక్క మాట, ఇంట్లో పాకే పిల్లలుంటే ఆట అయ్యాక బిళ్ళలన్నీ లెక్కపెట్టి పైన పెట్టెయ్యండి. మావాడు ఏడాదిన్నర వాడు, ఆ ప్లాస్టిక్ డైమ్ నోట్లో పెట్టుకుంటే మా అత్తయ్య వేలు పెట్టి తీశారు.

ఆ భయంతోనే డబ్బా వెనక్కి తిప్పి చూస్తే ఐఎస్ఐ మార్కు లేదు. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. అడిగితే ఇది బొమ్మ కాదు మేడమ్, ఎడ్యుకేషనల్ మెటీరియల్ అన్నారు. సరే, తయారీ ఎవరు, ఏ దేశం, దిగుమతి చేసింది ఎవరు? అదీ లేదు. ఒక స్టిక్కర్, దాని మీద ఎత్తని ఫోన్ నంబర్.

రిటర్న్ సంగతి మరీ ఘోరం. లిస్టింగ్‌లో 7 రోజుల రిటర్న్ అని ఉంది, పెడితే యాక్టివిటీ కిట్ ఓపెన్ చేశారు కాబట్టి కుదరదన్నారు. ఓపెన్ చెయ్యకుండా లోపల డైమ్ ఉందని ఎలా తెలుస్తుంది? తర్వాత కూపన్ ఇస్తామన్నారు, మళ్ళీ వాళ్ళ దగ్గరే కొనాలంట. ఇలా అయితే ఫోన్లో వాదించొద్దు, డబ్బా, కార్డులు, లిస్టింగ్ అన్నీ ఫోటోలు, స్క్రీన్‌షాట్లు తీసి ఆ యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పెట్టండి, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అప్పటికీ కదలకపోతే 1915, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. మాకు దానికి కంప్లైంట్ పెట్టాకే కదిలారు, డెలివరీ ఛార్జీ కోసుకుని మిగతాది వేశారు. ఆ ఛార్జీ కోసం ఇంకా వెంటపడుతున్నా.

రివ్యూలు 4.6 ఉన్నాయి కదా అంటారేమో, కింద దాకా వెళ్ళి పాతవి చదవండి, వాటర్ బాటిల్ లీక్ అవ్వట్లేదు సూపర్ అని ఉంటాయి. వేరే వస్తువు పేజీ మీద దీన్ని ఎక్కించారు.

నిన్న చూస్తే మళ్ళీ ఇంకో పేరుతో పెట్టారు, డబ్బా రంగు నీలం నుంచి పసుపు చేశారు, రేటు రూ.1,299కి తగ్గించారు. ఫోటోల్లో మూడోది జూమ్ చెయ్యండి, తలకాయ బొమ్మ కార్డు వెనక వైపు కనపడుతుంది, హీడ్ అని అలాగే ఉంది.