నాన్న ఒళ్ళో కీబోర్డు: టీవీకి లాజిటెక్ కే400 ప్లస్, ఏడు నెలలు వాడాక

మా నాన్నకి పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి కుడి కాలు బాగా దెబ్బతిన్నాయి, మాట ముద్దగా అయిపోయింది. ఆయనకి అన్నీ గుర్తున్నాయి, అన్నీ అర్థమవుతాయి, కానీ ఆయన చెప్పేది అమ్మకి తప్ప ఇంకెవరికీ సరిగ్గా తెలీదు. కీబోర్డు రివ్యూలో ఇదంతా ఎందుకు అంటే ఈ వస్తువు కొన్నదే అందుకోసం కాబట్టి, ఇంకెవరింట్లో అయినా ఇలాంటి పరిస్థితి ఉంటే పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

మాది తెనాలి. నాన్న మండలాఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యారు, టైపు ఇంగ్లీషు హయ్యరు, తెలుగు లోయరు పాసైన మనిషి. పద్యనాటకాలంటే ప్రాణం, ఊరు కూడా అలాంటిదే కదా. ఇప్పుడు రోజంతా మంచం, ఎదురుగా టీవీ, అంతే ఆయన లోకం. రిమోట్‌లో మైకు బటన్ నొక్కి కావాల్సింది చెప్తే వచ్చేస్తుంది, పెద్దాయనకి అదే సుఖం అని చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ చెప్పారు, మేమూ అదే అనుకున్నాం. నాన్న "పీసపాటి" అన్నారు, పద్యనాటకాల్లో పేరున్న నటుడి పేరు అది. టీవీకి ఏం వినపడిందో ఏమో ఏవో వంటల వీడియోలు వచ్చాయి. మళ్ళీ అన్నారు. మళ్ళీ వంటలే. మూడోసారి గట్టిగా గొంతు పెట్టుకుని చెప్పారు, ఈసారి "మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. రిమోట్ పక్కన పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

సరే మైకు వద్దు, అక్షరాలు కొట్టుకుందాం అంటే రిమోట్‌తో అదొక పెద్ద యాతన. ఇంగ్లీషులో పీసపాటి అని రాయాలంటే తొమ్మిది అక్షరాలు, ఒక్కో అక్షరం దగ్గరికి బాణం బటన్‌తో నడుచుకుంటూ వెళ్ళాలి, పైకి కిందకి పక్కకి, ఒకటి దాటిపోతే మళ్ళీ వెనక్కి. మంచి చేతులున్న నాకే విసుగు. ఎడమ చేత్తో, రిమోట్ దుప్పటి మీద జారిపోతూ ఉంటే ఆయనకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

అప్పుడు మొదట ఒక చిన్న కీబోర్డు కొన్నా, అరచేతిలో పట్టేది, టచ్‌ప్యాడ్ కూడా దానిమీదే, చాలామంది ఆండ్రాయిడ్ బాక్సులకి వాడతారు చూడండి ఆ రకం. ఏ కంపెనీదో అనవసరం. రెండు చేతుల్తో పట్టుకుని రెండు బొటనవేళ్ళతో కొట్టేలా తయారుచేస్తారు దాన్ని, ఒంటి చేత్తో అయితే పట్టుకోవడమా కొట్టడమా? కీలు బఠాణీ గింజంత. నాన్న రెండు రోజులు చూసి నా చేతికిచ్చేశారు. రెండు చేతులూ బాగున్నవాళ్ళకి ఆ సైజు హాయిగానే ఉంటుందేమో, మా తమ్ముడు ఇప్పుడు అదే వాడుతున్నాడు.

తర్వాత కొన్నది ఈ లాజిటెక్ కే400 ప్లస్. మూడు వేల లోపే పడింది నాకు. 35 సెంటీమీటర్ల వెడల్పు, బ్యాటరీలతో కలిపి కూడా నాలుగొందల గ్రాముల లోపే, ఒళ్ళో పెట్టుకుంటే బరువనిపించదు. ఎడమవైపు మామూలు కీబోర్డు, కుడివైపు టచ్‌ప్యాడ్, దానిపైన సౌండ్ పెంచడానికి తగ్గించడానికి మ్యూట్‌కి మూడు బటన్లు. రెండు డబుల్ ఏ సెల్స్ వేస్తే 18 నెలలు వస్తాయని కంపెనీ చెప్తుంది, మాకు ఏడు నెలలైంది, ఇంకా మొదటివే నడుస్తున్నాయి. పైఅంచున ఆన్ ఆఫ్ స్విచ్ ఉంది, అమ్మ రాత్రి పడుకునేముందు గ్యాస్ కట్టేసినట్టు దాన్ని కూడా కట్టేస్తుంది.

మొదటి రోజు జరిగింది చెప్పాలి. కీబోర్డు ఒళ్ళో పెట్టగానే ఆయన కీల వైపు చూడలేదు. ఎడమ చెయ్యి దానంతటదే వెళ్ళి కూర్చుంది, చూపుడు వేలు ఎఫ్ కీ మీద ఉండే చిన్న గీతని తడిమింది, మిగతా మూడు వేళ్ళూ వరసగా డీ ఎస్ ఏ మీద సర్దుకున్నాయి. టైపు ఇనిస్టిట్యూట్‌లో మొదటి పాఠం గుర్తుందా, ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్ అని పేజీలు పేజీలు కొట్టిస్తారు, అది కొట్టారు నోట్‌ప్యాడ్‌లో. ఒక లైను, రెండు లైన్లు. తర్వాత కుడి చేతి వైపు అక్షరాలకి ఎడమ చెయ్యే సాగదీసుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ ఒక్క చేత్తో నాలుగు మాటలు కొట్టడానికి నిమిషం పడుతుంది, పట్టనివ్వండి, తప్పు లేకుండా కొడతారు.

ఇప్పుడు అసలు సెటప్ గురించి. కీబోర్డు నుంచి సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క ఒకటి ఉంటుంది, రిసీవర్ అంటారు, దాన్ని మా టీవీకి నేరుగా గుచ్చి చూశాం ముందు, బాణం కీలు ఎంటర్ బాగానే పనిచేశాయి గానీ టైపింగ్ దగ్గర కొన్ని యాప్స్ తీసుకుంటాయి కొన్ని తీసుకోవు, మళ్ళీ స్క్రీన్ మీద అక్షరాల దగ్గరికే నడవాలి. అందుకని ఒక సెకండ్‌హ్యాండ్ మినీ పీసీ కొని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపేశాను, విండోస్ 10 ఉంది దాంట్లో. స్టాండ్ కింద అలమరలో పెట్టి తలుపు కూడా వేసేశాం. మామూలు రిమోట్ ఐఆర్ మీద పనిచేస్తుంది, అంటే కంటికి కనపడని వెలుతురు, ఎదురుగా అడ్డం ఉండకూడదు. ఈ కీబోర్డుది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, చెక్క తలుపు అడ్డమున్నా ఇబ్బంది లేదు, పది మీటర్ల దూరం దాకా అంటారు, మా హాలు అందులో సగం కూడా ఉండదు.

ఒక్క జాగ్రత్త, ఇది నేను చేసిన పొరపాటు. రిసీవర్‌ని మినీ పీసీ వెనకాల నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో గుచ్చి పక్క పోర్టులోనే హార్డ్‌డిస్క్ పెట్టాను, అప్పుడు అక్షరాలు ఆగి ఆగి పడటం, ఒక్కోటి పడకపోవడం. నాన్న తన చెయ్యే సరిగ్గా పనిచెయ్యట్లేదు అనుకున్నారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. యూఎస్‌బీ 3.0 పరికరాలు నడిచేటప్పుడు ఈ 2.4 బ్యాండ్‌లోనే రేడియో గోల పుడుతుందంట, ఇంటెల్ వాళ్ళే 2012లో దీనిమీద పేపరు ఇచ్చారు. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి రిసీవర్‌ని అలమర ముందుకి లాగి పెట్టా, ఆరోజు నుంచి ఒక్క అక్షరం పోలేదు. ఏ కంపెనీ వైర్‌లెస్ కీబోర్డు కొన్నా ముందు ఈ వైరు కూడా కొనండి.

ఇక ఒంటి చేత్తో వాడేవాళ్ళ కోసం విండోస్‌లో కొన్ని ఉన్నాయి, మాకు డాక్టరూ చెప్పలేదు షాపువాడూ చెప్పలేదు, వెతుక్కుని తెలుసుకున్నాం. షిఫ్ట్ కీ వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది, ఆన్ చేస్తే కంట్రోల్ నొక్కి వదిలేసి తర్వాత తీరిగ్గా ప్లస్ నొక్కినా రెండూ కలిపి నొక్కినట్టే తీసుకుంటుంది. దీనితో బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఆయనే చేసుకుంటారు. ఇంకోటి ఫిల్టర్ కీస్, చెయ్యి వణికి ఒకే కీ రెండుసార్లు పడితే రెండోది పట్టించుకోదు. వేలు కీ మీద నుంచి లేవడం ఆలస్యమైతే అదే అక్షరం బారుగా పడిపోతుంది కదా, దానికి కంట్రోల్ ప్యానెల్‌లో కీబోర్డు దగ్గర రిపీట్ డిలే అని ఉంటుంది, దాన్ని లాంగ్ వైపుకి జరిపేశా. మౌస్ బాణం గుర్తు కూడా పెద్దది చేసి నల్ల రంగు పెట్టా, టీవీ మీద మామూలు సైజు ఎక్కడుందో వెతుక్కోవాలి.

టచ్‌ప్యాడ్ కుడివైపు ఉండటం మా నాన్నకి ఇబ్బందే. కీబోర్డుని ఎడమవైపు జరిపి పెడితే టచ్‌ప్యాడ్ ఒళ్ళో మధ్యకి వస్తుంది, అప్పుడు ఎడమ చెయ్యి అందుతుంది. కింద పలచటి దిండు పెడితే ఇంకా కుదురుగా ఉంటుంది. పైన ఎడమ మూలలో నారింజ రంగు గీత ఉన్న కీ ఒకటి ఉంది, అది లెఫ్ట్ క్లిక్, కుడి చేత్తో టచ్‌ప్యాడ్ జరుపుతూ ఎడమ బొటనవేలితో నొక్కడానికి పెట్టారు, రెండు చేతులూ ఆడేవాళ్ళకి అది నిజంగా బాగుంటుంది, నేను వాడేటప్పుడు అదే నొక్కుతా. ఇదే యూనిఫైయింగ్ రిసీవర్‌కి ఆరు పరికరాల దాకా కలుపుకోవచ్చు, కాబట్టి అదే రకం మౌస్ ఒకటి ఎడమవైపు పెడదామా అని చూస్తున్నా.

తెలుగు టైపింగ్ సంగతి. విండోస్ 10కి 2019 మేలో వచ్చిన అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు అందులోనే ఉంది, వేరే ఏమీ ఎక్కించక్కర్లేదు, సెటింగ్స్‌లో భాషల దగ్గర కలుపుకోవడమే. ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే తెలుగులో మాటలు చూపిస్తుంది, కావాల్సింది ఎంచుకోవాలి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు ఇంగ్లీషు మారుతుంది, రెండూ ఎడమ చేతికి అందేవే. యూట్యూబ్‌లో తెలుగు లిపిలో వెతకడం వేరే లోకం అండీ. ఇంగ్లీషులో పేరు పదిమంది పది రకాలుగా రాస్తారు, ఒకరు రెండు ఈలు పెడతారు, ఒకరు ఒక ఐ పెడతారు. తెలుగులో "పీసపాటి నరసింహమూర్తి పద్యాలు" అని కొడితే ఎవరో ఊళ్ళో స్టేజి పక్కన పాత క్యాసెట్లో రికార్డు చేసి ఎక్కించినవి, వెయ్యిమంది కూడా చూడనివి బయటికొచ్చాయి. షణ్ముఖి ఆంజనేయరాజు అని ఇంకో పద్యనాటక నటుడి పేరు కొట్టారు, అవీ వచ్చాయి. రిమోట్‌తో ఎన్నాళ్ళు వెతికినా ఇవి మాకు కనపడలేదు.

యూట్యూబ్‌లో ఎప్పుడూ పనికొచ్చే కీలు చెప్తా. స్పేస్ కొడితే ఆగుతుంది, మళ్ళీ కొడితే నడుస్తుంది. జే కొడితే పది సెకన్లు వెనక్కి, ఎల్ కొడితే పది ముందుకి, ఎఫ్ అంటే ఫుల్‌స్క్రీన్, స్లాష్ నొక్కితే వెతికే పెట్టెలోకి వెళ్తుంది. నాన్నకి జే అంటే చాలా ఇష్టం, పద్యం ఆఖర్లో రాగం తీసే చోట వెనక్కి వెనక్కి వెళ్ళి వింటారు. తెలుగు కీబోర్డులో ఉండి ఈ అక్షరాలు కొడితే మా దగ్గర సరిగ్గా పనిచెయ్యలేదు, ముందు ఇంగ్లీషుకి మారాలి, ఇది మొదటి వారం తెలీక తికమకపడ్డాం. హార్డ్‌డిస్క్‌లో ఉన్న సినిమాలు వీఎల్‌సీలో చూస్తాం, అందులో మాటలు ఒకచోట బొమ్మ ఒకచోట ఉంటే జే, కే కీలతో సౌండ్ సరిచేసుకోవచ్చు, రిమోట్‌తో అయితే ఆ మెనూ ఎక్కడుందో కూడా తెలీదు.

ఈ కీబోర్డు చెయ్యలేని పనులు కూడా తెలుసుకుని కొనండి. దీంట్లో ఐఆర్ లేదు కాబట్టి టీవీని ఆన్ చెయ్యదు, దానికి టీవీ రిమోట్ పక్కన ఉండాల్సిందే. మినీ పీసీని మాత్రం నిద్రలోంచి లేపుతుంది, డివైస్ మేనేజర్‌లో కీబోర్డు దగ్గర కంప్యూటర్‌ని లేపడానికి అనుమతి టిక్ పెట్టాలి. రాస్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద కోడీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి ఇంకో సుఖం ఉంది, దానికి హెచ్‌డీఎంఐ సీఈసీ ఉంటుంది కాబట్టి టీవీ రిమోట్‌తోనే కోడీ కూడా నడుస్తుంది, మామూలు పీసీల్లో ఎక్కువ వాటికి అది ఉండదు. కీల వెనకాల లైటు లేదు, లైట్లు ఆర్పేసి చూసేవాళ్ళకి ఇబ్బంది, మా నాన్నకి ఎలాగూ కీలు చూడాల్సిన పని లేదు. బ్లూటూత్ లేదు, ఫైర్ స్టిక్ లాంటివాటికి యూఎస్‌బీ కలపడానికి ఓటీజీ అనే అడాప్టర్ గొడవ లేకుండా బ్లూటూత్ కీబోర్డు తీసుకోవడమే మేలు. ఊరికే సీరియల్స్, వార్తలు, ఛానెళ్ళు మార్చుకునే ఇంటికి ఇది అస్సలు అక్కర్లేదు, అమ్మ ఇప్పటికీ కేబుల్ రిమోట్ తప్ప ముట్టుకోదు.

ఇంకో వాడకం ఉంది, ఇది మేము అనుకుని కొన్నది కాదు. ఒకరోజు మధ్యాహ్నం నాన్న ఏదో చెప్తున్నారు, అమ్మ వంటింట్లో ఉంది, నాకు అర్థం కాలేదు, మళ్ళీ మళ్ళీ అడిగితే ఆయన ముఖం మారిపోతోంది. కీబోర్డు లాక్కుని నడుస్తున్న పద్యం ఆపేసి నోట్‌ప్యాడ్ తీశారు, అక్షరాల సైజు అప్పటికే 72 పెట్టి ఉంది. టీవీ నిండా వచ్చింది: "బీపీ బిళ్ళ రేపటికి లేదు". నేను అప్పుడే బయల్దేరి మెడికల్ షాపుకి వెళ్ళొచ్చా. తర్వాత నుంచి కావాల్సినవన్నీ అక్కడే రాస్తున్నారు, ఫ్యాను తగ్గించమని, కరెంటు బిల్లు కట్టారా అని, పెన్షన్ స్లిప్పు తెచ్చావా అని. ఆఫీసు అలవాటు పోలేదు, ప్రతిదానికీ పైన తేదీ వేస్తారు. ఆ ఫైలు నేను రోజూ రాత్రి సేవ్ చేస్తున్నా.