బాపట్ల నుంచి బెజవాడకు: ఒక గేమింగ్ కంప్యూటర్ కోసం రెండు రోజులు

మా అక్క కొడుకు ఇంటర్ మంచి మార్కులతో పూర్తిచేసి ఊళ్లోనే ఇంజనీరింగ్‌లో చేరాడు. చదువు ఈ మెట్టు దాటితే గేమింగ్ కంప్యూటర్ కొనిపెడతానని రెండేళ్ల కిందట వాడికి మాట ఇచ్చాను. 2025 జూలైలో ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇద్దరం బాపట్ల నుంచి విజయవాడ బయల్దేరాం. మానిటర్ ఇంట్లో ఉంది. యూపీఎస్‌తో కలిపి లక్ష రూపాయలు దాటకూడదన్నది మా అక్క గీసిన గీత. రెడీమేడ్‌ది కొనాలా, విడిభాగాలు తీసుకుని అసెంబుల్ చేయించుకోవాలా అన్నది మాత్రం రైలెక్కేటప్పటికి తేలలేదు.

వాడి మనసంతా సికింద్రాబాద్ మీద ఉంది. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎటు చూసినా కంప్యూటర్ దుకాణాలే, దొరకని భాగం ఉండదు. నిజమే. కానీ రేపు ఏదైనా పాడైతే దాన్ని పట్టుకుని ఒక రాత్రంతా వెళ్లాలి, ఇంకో రాత్రి తిరిగి రావాలి. విజయవాడ అయితే పొద్దున వెళ్లి సాయంత్రం ఇంట్లో అన్నం తినవచ్చు. రైలు తెనాలి దాటేలోపు ఈ మాట వాడికి నచ్చచెప్పగలిగాను.

బసకు రెండు దారులు చూశాం. బెంజి సర్కిల్ వైపు హోటళ్లు శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటాయి. నేను ఫోన్ చేసిన చోట రోజుకు 3,200 అన్నారు. రైల్వే స్టేషన్‌కు దగ్గరగా గాంధీనగర్‌లో ఏసీ గది 1,400కు దొరికింది. గోడలకు రంగు వెలిసింది, రాత్రి పది దాటినా వీధి చప్పుడు తగ్గలేదు. అయినా మా పనికి అదే సరైన చోటు. గవర్నర్‌పేట దుకాణాలకు పదిహేను నిమిషాల నడక. దిగిన వేళ నుంచి 24 గంటల లెక్క కాబట్టి మర్నాడు పదకొండు దాకా తొందర లేదు. పెద్ద పెట్టెతో తిరిగి రావలసినవారు గది తీసుకునే ముందు లిఫ్ట్ ఉందా అని అడగండి. మేం అడగలేదు. మూడో అంతస్తు ఇచ్చారు. కింది గదికి మార్చమని కోరితే కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయన విసుక్కోకుండా మార్చారు. దసరా నవరాత్రుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో అప్పుడు గది దొరకడమే గగనం.

తిండికి లోటు రాలేదు. పొద్దున బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ తిన్నాం. వేడి ఇడ్లీ మీద వెన్న కరిగి పక్కలకు జారేలోపు కారప్పొడి అద్దుకుని తినాలి. వాడు రెండు ప్లేట్లు తిన్నాడు.

ముందుగా ఆటో ఎక్కి బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూముకు వెళ్లాం. రెడీమేడ్‌ది కంటితో చూడకుండా వద్దనడం న్యాయం కాదనిపించింది. అక్కడ మర్యాదకు లోటు లేదు. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఒక్కటొక్కటిగా చూపించారు. మా అంచనాకు దగ్గరగా ఉన్నది 1,08,000. ఇంటెల్ కోర్ ఐ5 ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, ఫైళ్లు దాచుకునేందుకు 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు. విండోస్ లైసెన్సు అందులోనే. ఒకటే బిల్లు, ఏడాది వారంటీ, వాయిదాల సదుపాయం.

మావాడు అనుమతి అడిగి డెమో కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచాడు. మెమరీ పేజీ అడుగున రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉన్నట్టు చూపిస్తోంది. "ఒకే కర్ర పెట్టారు మామయ్యా. రెండు ఎనిమిదులు పెడితే డేటాకు రెండు దారులు ఉండేవి. ఆటలో తేడా తెలుస్తుంది" అన్నాడు. పక్క తలుపు తీసి లోపల చూపించమని అడిగితే స్టిక్కర్ చిరుగుతుంది, కుదరదన్నారు. వారి ఇబ్బంది వారిది. అయితే కొన్ని పెద్ద కంపెనీలు భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డునూ పవర్ సప్లైనీ తమ సొంత కొలతల్లో చేయిస్తాయి. రేపు పవర్ సప్లై కాలిపోతే బయట దుకాణంలో దొరికేది అందులో పట్టదు. లోపల ఏముందో చూడకుండా లక్ష రూపాయలు పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

అయినా నా నిర్ణయం అక్కడ తేలలేదు, పిన్‌కోడ్ దగ్గర తేలింది. ఇంటికే వచ్చి బాగుచేస్తారని కాగితం మీద ఉంది. అక్కడే నిలబడి ఆ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి 522101 చెప్పాను. ఆ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చే సేవ లేదు, యంత్రాన్ని విజయవాడ సర్వీసు సెంటర్‌కు తెచ్చివ్వాలి అన్నారు. అంటే ఒక మెమరీ ముక్క పాడైనా పది కిలోల పెట్టె మొత్తం మోసుకురావాలి, అది తిరిగొచ్చేదాకా వాడి బల్ల ఖాళీ. రెడీమేడ్‌లో మేం అదనంగా డబ్బు కట్టేది ఏ సౌకర్యానికో ఆ సౌకర్యమే మా ఊరికి రాదు. విజయవాడలోనో గుంటూరులోనో ఉండేవారికి ఇదే ప్రశ్నకు వేరే జవాబు రావచ్చు. వారికి ఆ షోరూము మంచి బేరమే. చిన్న ఊళ్లవారు మాత్రం ధర కంటే ముందు ఈ ఫోన్ చేయాలి.

మధ్యాహ్నం నుంచి గవర్నర్‌పేటలో తిరిగాం. ఉక్కపోతకు చొక్కాలు తడిసిపోయాయి. మొదటి దుకాణంలో "మొత్తం 82,000, రేపు సాయంత్రానికి రెడీ" అన్నారు. కాగితం మీద పవర్ సప్లై ఎదురుగా 650 వాట్లు అని తప్ప కంపెనీ పేరు లేదు. మొత్తం యంత్రానికి ప్రాణం పోసేదీ, చెడిపోతే మిగతావాటినీ తనతో తీసుకుపోయేదీ అదే. దాని పేరు రాయని చోట కొనకూడదు. రెండో దుకాణం యజమాని చాలా బాగా మాట్లాడారు, కానీ మేం అడిగిన మదర్‌బోర్డు బదులు తన దగ్గర ఉన్నదాన్నే మూడుసార్లు చూపించారు. మూడోది మెట్లెక్కి వెళ్లవలసిన చిన్న గది. ఆయన అడిగిన మొదటి మాట "బాబూ, ఏ ఆటలు ఆడతావు? మానిటర్ ఎంత రిజల్యూషన్?" రెండోది "మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందా సార్?" అప్పుడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఆయన రాసిచ్చినది: రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీలవి రెండు డీడీఆర్5 మెమరీలు, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీల ఆర్‌టీఎక్స్ 5060, పేరున్న కంపెనీ 650 వాట్ల పవర్ సప్లై, ముందు జాలీ ఉన్న క్యాబినెట్. ప్రతి దాని ఎదురుగా మోడల్, ధర, వారంటీ ఎన్నేళ్లో రాశారు. మొత్తం 89,000, బిగింపుకు ఇంకో వెయ్యి. జీఎస్టీ అందులోనే. ప్రాసెసర్‌కు మూడేళ్లు, గ్రాఫిక్స్ కార్డుకు మూడేళ్లు, పవర్ సప్లైకి ఐదేళ్లు. ఈ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌కు కనీసం 2027 వరకు కొత్త ప్రాసెసర్లు తెస్తామని రైజెన్ తయారుచేసే ఏఎండీ చెప్పింది కాబట్టి, వాడు ఇంజనీరింగ్ ముగించేనాటికి బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంది. సముద్రపు గాలి ఊరు అని చెబితే, క్యాబినెట్ ముందు జాలీని ఊడదీసి కడుక్కునే రకం ఆయనే ఎంచిపెట్టారు.

లెక్కలో నిజాయితీ ఉండాలి కాబట్టి ఇదీ చెబుతాను. విండోస్ ఉచితంగా వేసిస్తామన్న మాట రెండు చోట్ల విన్నాం. అది లైసెన్సు లేనిది. పిల్లవాడి మొదటి కంప్యూటర్ దొంగ సరుకుతో మొదలుకావడం నాకు ఇష్టం లేదు. లైసెన్సుకు సుమారు 10,000, బాపట్లలో కొన్న యూపీఎస్‌కు 6,200. అక్క గీత దాటింది, ఆ తేడా నేను వేసుకున్నాను. యూపీఎస్ కలిపితే షోరూముది 1,14,000 దాటుతుంది, మాది 1,06,000 దాటింది. చూడగానే కనిపించిన 18,000 తేడా చివరికి 8,000కు దిగింది. అయితే షోరూము దానికంటే రెట్టింపు మెమరీ, రెట్టింపు నిల్వ, ఒక తరం కొత్త కార్డు మాకు వచ్చాయి. ఈ ధరలు ఆ నెలవని గుర్తుంచుకోండి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధర విపరీతంగా పెరిగింది. ఇప్పుడు వెళ్లేవారు పాత ధరకే మిగిలి ఉన్న రెడీమేడ్ స్టాకు ఏమైనా ఉందేమో తప్పక అడగాలి. లెక్క తిరగబడి ఉండవచ్చు.

మర్నాడు పదకొండున్నరకు బిగించడం మొదలైంది. మా ఎదుటే చేయాలని ముందే ఒప్పందం. బిగించే కుర్రవాడు పెట్టెల మీది సీరియల్ నంబర్లు ఒక్కొక్కటే చదివాడు, మావాడు బిల్లుతో సరిచూశాడు. తర్వాత ఆ కుర్రవాడు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయాక బోర్డు బయటికి తీశాడు. ఈ సాకెట్‌లో సన్నని ముళ్లు బోర్డు మీదే ఉంటాయి. వేలు తగిలి ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకుని, మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు ఎదురుగా తెచ్చి, నొక్కకుండా వదిలాడు. అది తనంతట తాను కూర్చుంది. మీట కిందికి దించితే నల్లని ప్లాస్టిక్ మూత టక్కున ఎగిరి బల్ల మీద పడింది. "ఇది పారేయకండి సార్. రేపు బోర్డు వారంటీకి పంపాలంటే ఈ మూత ఉండాలి" అని నా చేతిలో పెట్టాడు. ఎస్‌ఎస్‌డీ స్క్రూ మాత్రం "నువ్వే బిగించు తమ్ముడూ" అని మావాడికి ఇచ్చాడు. ఆ స్క్రూ వడ్ల గింజంత ఉంది. వాడు ఊపిరి బిగబట్టి తిప్పడం చూస్తుంటే, డబ్బు ఎటు పోయినా ఈ ఒక్క నిమిషం చాలనిపించింది.

కరెంటు ఇచ్చాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. బోర్డు మూల డీర్యామ్ (అంటే మెమరీ) అని రాసిన చోట చిన్న దీపం వెలుగుతూ ఉండిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. మావాడి ముఖం పాలిపోయింది. నేను స్విచ్ ఆపబోతే ఆ కుర్రవాడు చెయ్యి అడ్డుపెట్టాడు. "ఆపకండి. డీడీఆర్5 మొదటిసారి మెమరీని సరిచూసుకుంటుంది సార్. నాలుగైదు నిమిషాలు పడుతుంది." సరిగ్గా అలాగే వచ్చింది. ఆ తర్వాత సెట్టింగులలో మెమరీని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌పో ఆన్ చేస్తే 4800 దగ్గర నడుస్తున్న మెమరీ దాని అసలు వేగం 6000కు ఎక్కింది. ఇది చేయించుకోకుండా దుకాణం దిగితే కొన్న వేగం కొన్నట్టే పెట్టెలో ఉండిపోతుంది.

తీసుకెళ్లడం ఎలా అన్నది చివరి చిక్కు. పార్సిల్‌లో వేస్తామన్నారు కానీ దారిలో విరిగితే బాధ్యత తమది కాదన్నారు. కారు కిరాయి బస ఖర్చును మించింది. బస్సులో కుదుపులు. రైలే మేలనుకున్నాం. బరువైన గ్రాఫిక్స్ కార్డు కుదుపులకు స్లాట్‌ను విరిచేస్తుందని దాన్ని ఊడదీయించి, దాని పెట్టెలోనే పెట్టించాం. క్యాబినెట్‌ను దాని థర్మోకోల్‌లో సర్ది సీటు పక్కన నిలబెట్టాను. కార్డు పెట్టె మాత్రం కృష్ణ వంతెన దాటినప్పటి నుంచి బాపట్ల దాకా వాడి ఒడిలోంచి దిగలేదు.

సెప్టెంబరులో కంప్యూటర్ ఆట మధ్యలో నీలితెర వేసి ఆగిపోవడం మొదలైంది. వాడు మెమరీలను ఒక్కొక్కటిగా తీసి చూసి, రెండిట్లో ఏది చెడ్డదో పట్టుకున్నాడు. రెండు వేళ్లంత వెడల్పున్న ఆ ముక్కను బిల్లు నకలుతో కొరియర్‌లో పంపాం. ఖర్చు 120 రూపాయలు. కొత్తది రావడానికి పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ కంప్యూటర్ మిగిలిన 16 జీబీతో నడుస్తూనే ఉంది, వాడి కాలేజీ ప్రాజెక్టు ఆగలేదు.

కొత్త ముక్క శనివారం సాయంత్రం వచ్చింది. వాడే తలుపు తీసి బిగించి స్విచ్ వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. పక్కన నిలబడ్డ మా అక్క "అయ్యో, ఏమైందిరా?" అంది.

"ఏమీ కాలేదమ్మా. నాలుగు నిమిషాలు ఆగు" అన్నాడు వాడు.